బనగానపల్లె ఆయప్ప ఇచ్చిన పేరు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే బస్సులో కండక్టరుగా నా వయసు సగం గడిచిపోయింది. టిక్కెట్లు కొట్టడం శిరివెళ్ల రాకముందే అయిపోతుంది. ఆ తర్వాత మిగిలేది రోడ్డు, ఎండ, నా నోరు. ఒక ఎండాకాలం మా బస్సు నీడ శిరివెళ్ల స్టేజీ దగ్గర తారుకు అతుక్కుపోయి రాలేకపోయిందనీ, మేం నీడ లేకుండానే ఆళ్లగడ్డ చేరామనీ, అది వెనక బస్సు కింద నిదానంగా వచ్చి స్టాండులో మమ్మల్ని కలుసుకుందనీ చెబితే నమ్మినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బండి నడిపింది తానే అయినా మా డ్రైవరు కూడా నమ్మాడు.

ఇప్పుడు రాస్తున్నది అలాంటిది కాదు. ఇందులోనూ రెండు కల్పనలు ఉన్నాయి గాని, అవి ఎక్కడ మొదలయ్యాయో నేనే చూపిస్తాను. పేర్లు మాత్రం రాయను. మా అక్క పెళ్లయిన నాటి నుంచి మొగుడి పేరు పలకలేదు. ఆసుపత్రిలో పేషెంటు పేరేమిటని అడిగితే సంచిలోంచి ఆధార్ కార్డు తీసి కౌంటరు మీద పెట్టేది. ఆమె నోట రాని పేరును నేను అచ్చులో పెట్టి ఆమె ముందు పరచలేను. ఆయన పేరే రాయనప్పుడు తక్కినవాళ్ల పేర్లెందుకు?

మా బావ ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. ఊరి చివర రేకుల షెడ్డు, దాని ముందర నల్లరాతి దిమ్మెలు, లోపల సగం తేలిన దేవుళ్లు. విగ్రహమంతా పూర్తయ్యాక చిట్టచివర కన్ను తెరవాలి. ఎదురుగా అద్దం నిలబెట్టించి, తాను పక్కకు ఒరిగి, కనుపాప గీత గీసి ఉలి కింద పెట్టేవాడు. ఇక ఆ రాయిని ముట్టడు. దాన్ని లారీలోకి ఎక్కించేటప్పుడు షెడ్డు వెనకకు పోయి, అవసరమున్నా లేకున్నా చేతులు కడుక్కుంటూ నిలబడేవాడు. ప్రతిష్ఠకు రమ్మని బళ్లారి వైపు నుంచి, కడప వైపు నుంచి కార్లు పంపేవాళ్లు. ఎక్కేవాడు కాదు. కన్ను తెరిచాక చెక్కినవాడు దాని ఎదురుగా నిలబడకూడదన్నది వాళ్ల నాయన ఆ షెడ్డులో పెట్టిన నియమం. ఎందుకని అడిగితే, నిలబడితే తప్పులే కనపడతాయి అనేవాడు. అందులో భక్తి ఎంతో, భయం ఎంతో నాకు తెలియదు.

విగ్రహం మీద పేరు చెక్కుకునే అలవాటు కూడా ఆయనకు లేదు. పేరు చెక్కడమంటే ఆయన లెక్కలో ఒకటే పని, సమాధి రాయి. నంద్యాలలోని చర్చి వాళ్లు, చుట్టుపక్కల పల్లెల్లోని క్రైస్తవ కుటుంబాల వాళ్లు, ఇంట్లో ఎవరైనా పోతే బస్సెక్కి ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. అక్షరాలు అంత తీరుగా పడేవి. ప్రారంభోత్సవాల పలకలు చెక్కమని నాయకుల మనుషులు వస్తే మాత్రం ఎగువనున్న ఇంకో శిల్పి షెడ్డుకు దారి చూపించేవాడు. బతికున్న మనిషి పేరు రాతిలో పడకూడదని ఆయన పట్టు. పడిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టేనని గట్టిగా నమ్మేవాడు.

కోత మిషన్లు వచ్చాక ఆ షెడ్లలో దుమ్ము మంచులా లేచేది. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలే అడ్డం. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుందని పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పాడు. ఇక ఉలి పట్టొద్దన్నాడు. ఎన్నాళ్లో అడగమని అక్క నన్ను లోపలికి పంపింది. అడిగాను. డాక్టరు ఎక్స్‌రే వైపే చూస్తూ మాట్లాడాడు. నేను బయటికి వచ్చాక అక్క నా ముఖం చూసి, కాగితాలు సంచిలో సర్దుకుంది.

బావ మంచం షెడ్డులోనే వేయించుకున్నాడు. ఇంట్లో ఊపిరాడదని ఆయన సాకు. దుమ్ము తినిపించిన చోటే ఊపిరాడుతుందనే మనిషితో ఏం వాదిస్తాం? పనివాళ్లు తలా ఒక షెడ్డుకు పోయారు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను, దానికి కొంచెం అవతల ముఖం ఇంకా తేలని ఒక అమ్మవారు. నా వీక్లీ ఆఫ్ రోజున పోయి ఆ మంచం పట్టె మీద కూర్చునేవాణ్ని. ఒకరోజు ఆయన వాకిలి వైపు చూస్తూ అన్నాడు.

"అవన్నీ యాడుండాయో రా ఇప్పుడు."

"ఏవి బావా?"

"నేను చేసినవి. ఒక్కటన్నా మళ్లీ చూల్లే."

"చూడగూడదని నువ్వే అంటివి గదా. ఎదురుగా నిలబడగూడదంటివి."

"నిలబడేది యాడరా. పండుకోనుండా గదా."

నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా అక్క ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ దగ్గులోనే నాకు తెలిసిపోయింది, ఆయన ఇక అడగబోయేది ఇదొక్కటేనని. తాను చెక్కిన దేవుళ్లను పోయేలోపల ఒకసారి చూసుకోవాలి. ఆ దేవుళ్లు ఏ ఊళ్లకు పోయారో ఆయనకే సగం గుర్తు లేదు.

నంద్యాల బస్టాండు ఎదురు సందులో ఒకామె నెట్ సెంటరు నడుపుతుంది. నా వయసే ఉంటుంది. ఆదివారం చర్చికి పోయి వచ్చాకే షట్టరు ఎత్తుతుంది. పీఎఫ్ పనుల కోసం తిరిగి తిరిగి ఆమెతో పరిచయం. బావ సంగతి చెబితే, ఒక వెబ్‌సైట్ పెట్టి, ఈ షెడ్డులో పుట్టిన విగ్రహం మీ ఊళ్లో ఉంటే ఫోటో పంపండి అని రాద్దామంది. ఫోన్ గ్రూపుల్లో పెడితే చాలదా అన్నాను. పొద్దున్నే వచ్చే పువ్వుల బొమ్మల కింద పడి కనపడకుండా పోతుందంది. సైటు అయితే అక్కడే ఉంటుంది, వెతికినవాళ్లకు దొరుకుతుంది. కాకపోతే ముందు ఒక పేరు తీసుకోవాలి. దాన్ని డొమైన్ అంటారట. ప్రపంచం మొత్తానికి ఆ పేరు ఒక్కరికే ఇస్తారు, ముందు అడిగినవాళ్లకు. ఇచ్చినా సొంతం కాదు, గడువు అయిపోయినప్పుడల్లా మళ్లీ అడిగి నిలబెట్టుకోవాలి.

ఆళ్లగడ్డ బస్టాండులో మా బావ పేరు పెట్టి గట్టిగా పిలిస్తే నలుగురు తల తిప్పుతారు, ఒకడు సోడా బండి వదిలేసి వస్తాడు. అలాంటిది లోకమంతటికీ ఒక్కడే అంటే నాకు వింతగా తోచింది. ఆ ఒక్కడు మా బావే అయితే బాగుంటుందనీ తోచింది.

ఈ మాట చెప్పడానికి ఉత్సాహంగా పోయాను. బావ అంతా విని ముఖం అటు తిప్పుకున్నాడు.

"ఊపిరి పీలుస్తాండంగనే రాయి నిలబెడతావా నాకు?"

"రాయి గాదు బావా, నెట్టు."

"యాడైతే ఏంది. పేరు పడితే పడినట్టే."

అక్క నాకు కళ్లతోనే చాలు అని సైగ చేసింది. ఆయన పేరు లేకుండా ఆయన సైటుకు ఏ పేరు పెట్టాలి? బస్సులో తిరుగు ప్రయాణంలో నాకు చీమ గుర్తొచ్చింది.

మొదటి కల్పన ఇదే. చాలా ఏళ్ల కిందట కర్ణాటక గుడి కమిటీ వాళ్లు కొందరు నా బస్సులో ఆళ్లగడ్డకు విగ్రహం బేరానికి పోతున్నారు. ఏ షెడ్డు మంచిదని వాళ్లలో వాళ్లు తర్జనభర్జన పడుతుంటే నాకు నోరు ఊరుకోలేదు. మా బావ చెక్కిన రాయి గుర్తుపట్టడం చాలా తేలిక, ఎడమ మడమ వెనక గోరంత చీమ ఉంటుంది, చీమ లేకపోతే అది ఆయనది కాదు అన్నాను. ఆయన చిన్నప్పుడు ఒక చీమ రాతిలోకి దారి చూపించిందనీ, అందుకని ప్రతి విగ్రహంలోనూ దానికి చోటిస్తాడనీ చెప్పాను. దాన్ని అబద్ధమనను. అప్పటికింకా జరగలేదు, అంతే. ఆ చీమ నా బస్సు దిగి ఊళ్లు తిరిగింది. తర్వాత ఎవరెవరో నాకే ఆ కథ చెప్పారు.

అందుకని సైటు చీమ పేరు మీద తీసుకున్నాం. నెట్ సెంటరు ఆమె అక్షరాలు కొట్టి, ఈ పేరు ఎవరికీ అక్కర్లేదన్నా, ఖాళీగా ఉందని నవ్వింది. నా ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పాను, చీమ మాదైపోయింది. ఆ వారమంతా బస్సులో ప్రతి ట్రిప్పులోనూ ఆ సైటు సంగతి చెప్పాను. ఆళ్లగడ్డ రాళ్ల లారీల డ్రైవర్లకు చెప్పాను, బళ్లారి వైపు పోయేవాళ్ల ఫోన్లలో నేనే కొట్టి చూపించాను.

ఫోటోలు రావడం మొదలైంది. నాకే నమ్మబుద్ధి కాలేదు. వినాయకులు, ఆంజనేయులు, పోలేరమ్మలు, నందులు, ఒక ద్వారపాలకుడు. ప్రతి ఫోటోతో పాటు ఇంకొకటి దగ్గరగా తీసినది. ఎడమ మడమ వెనక చీమ. బుద్ధిగా కూర్చున్న చీమ, బియ్యపు గింజ మోస్తున్న చీమ, ఒకచోట తల్లీ పిల్లా రెండు చీమలు.

అవన్నీ బావకు చూపించడానికి పోయినప్పుడు సైటు పేరేమిటో చెప్పక తప్పలేదు.

"యాడి చీమరా?"

చెప్పాను. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ ఫోన్ తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, ఒక్కొక్క ఫోటోనే చూశాడు. ఒకటి ఎగువ షెడ్డువాళ్లది, ముక్కు చూస్తేనే తెలుస్తుందన్నాడు. మరొకటి తన దగ్గరే పని నేర్చుకుని పోయినవాడిది, వాడికి వేళ్లు రావని ఎన్నిసార్లు తిట్టాడో చెప్పాడు. చీమ ఉంటే గిరాకీ ఉందని ఊరంతా చీమలు చెక్కుతున్నట్టున్నారు. నా కథను నమ్మనివాడు ఆళ్లగడ్డలో ఒక్క మా బావే మిగిలాడు. ద్వారపాలకుడి దగ్గర కొంచెంసేపు ఆగాడు.

"చీమ బాగుండాది" అన్నాడు. "దేవుడే బాగలేడు."

ఆ రోజు మేం ముగ్గురం నవ్వాం. ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఆయన చెయ్యి బరువుగా ఉంది. అన్ని ఫోటోల్లోనూ తనది ఒక్కటీ లేదు. తనవాటికి చీమ లేదు కాబట్టి, వాటిని పెట్టుకున్న ఊళ్లవాళ్లు తమది కాదనుకుని పంపలేదు. నేను పెట్టిన పేరే వాటిని ఇంటికి రాకుండా అడ్డుకుంటోంది.

ఆ తర్వాతి వారం నెట్ సెంటరు ఆమె, అసలు ఆళ్లగడ్డలో మీ బావ ఎవరని మొదటిసారి అడిగింది. చెప్పాను. ఆమె మౌస్ వదిలేసింది.

"మా నాయన సమాధి రాయి ఆయప్పే చెక్కినాడన్నా." ఆయన అనడానికి మా వైపు ఆయప్ప అంటారు.

ఆదివారం చర్చి అయ్యాక ఆమె సమాధుల తోటకు పోయి ఫోటో తీసింది. నాకు చెప్పకుండానే సైటులో పెట్టింది. ఆళ్లగడ్డకు పోయాక ఫోన్ తెరిస్తే దేవుళ్ల మధ్యలో ఆ సమాధి రాయి కనిపించింది. పొరపాటు జరిగిందనుకుని దాన్ని దాటించబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు. పెద్దది చెయ్."

నల్లరాయి, నాలుగు వరుసల అక్షరాలు. చివరి అక్షరం పక్కన ఒక చిన్న పువ్వు. మిగతా రాయి మీద ఇంకెక్కడా పువ్వు లేదు.

"ఆడ పెచ్చు లేసింది. ఆ పొద్దు గాలి ఎక్కువ, చెయ్యి జారింది. పెచ్చునే పువ్వు చేసినా. వాళ్లకు చెప్పలే." కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇది నాదే రా."

అక్క వంగి చూసింది. ఆమెకు అందులో చూడ్డానికి ఏమీ లేదు, ఎవరిదో పేరు. అయినా చాలాసేపు చూసింది. ఎవరు పెట్టారని బావ అడిగితే ఆ పెద్దాయన కూతురని చెప్పాను. ఆ రాయి మీద దుమ్ము లేకపోవడం నేను గమనించలేదు. ఆయన గమనించాడు. అక్షరాల సందుల్లో కూడా నాచు లేదు, ఎవరో తడిబట్టతో తుడుస్తున్నారు, ఇన్నేళ్ల తర్వాత కూడా తుడుస్తున్నారు అన్నాడు. పేరు చెక్కి పంపేసిన రాళ్లకు ఆ తర్వాత ఏమవుతుందో ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

నేను బస్సుకు లేచేటప్పుడు అన్నాడు.

"నాది కూడా పెట్టు."

"ఏంది బావా?"

"పేరు. చీమను తీసేయ్. నా పేరు పెట్టు."

అక్క మిషను వైపు తిరిగి దాని మీద లేని దుమ్ము తుడిచింది. బతికుండగా పేరు పడకూడదన్న మనిషి, పెట్టమంటున్నాడు. అంటే ఆయన ఏ లెక్కలో ఉన్నాడో మాకు చెప్పేశాడన్నమాట.

నంద్యాలలో బస్సు దిగి నేరుగా నెట్ సెంటరుకు పోయాను. ఆమె అక్షరాలు కొట్టింది. తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది.

"ఖాళీగానే ఉండాదన్నా. పెట్టమంటావా?"

నేను ఆ పేరునే చూస్తూ నిలబడ్డాను. ఇంగ్లీషు అక్షరాల్లో, చివర చుక్కతో, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టుంది. ఆమె వేలు మౌస్ మీద ఉంది. ఆ వేలి కింద ఉలి ఉన్నట్టు నాకు అనిపించింది.

"ఈ పొద్దు వద్దులేమ్మా."

ఎవరైనా తీసుకుంటే ఎట్లా అని ఆమె అడిగింది. బస్సుకు టైమైందని వచ్చేశాను.

రెండో కల్పన ఇక్కడ మొదలైంది. వారం తర్వాత బావతో చెప్పాను, నీ పేరు అప్పటికే పోయింది, బనగానపల్లెలో నీ పేరే ఉన్న ఒకాయప్ప తీసుకున్నాడని. లోకానికంతా ఒక్కరికే ఇస్తారు కదా, ఆ ఒక్కడు ఆయప్ప అయ్యాడని. బావ నొచ్చుకుంటాడని భయపడ్డాను. ఆయన పక్కకు ఒత్తిగిలి, దిండు ఎత్తు చేయమని అక్కకు సైగ చేసి, ఆ పేరుతో ఏం చేసుకుంటాండాడు ఆయప్ప అని అడిగాడు.

అంతే చాలు నాకు. బనగానపల్లె ఆయప్పకు మామిడి తోట ఉంది. తోటలో చెట్టు చెట్టుకూ ఆ సైటులో ఒక పేజీ పెట్టాడు. ఏ చెట్టు అలిగిందో, ఏ చెట్టు సరిగా నిద్రపోలేదో పొద్దున్నే రాస్తాడు. తనతో పోట్లాడినవాళ్లకే కాయలిచ్చే చెట్టు ఒకటుంది, దాని కింద ఎప్పుడూ జనం కేకలు వేస్తుంటారు. నేను పేరు అడగడానికి పోతే మజ్జిగ ఇచ్చాడు, కుర్చీ వేశాడు, పేరు మాత్రం ఇవ్వనన్నాడు.

మరో వారం పోయేసరికి ఆయప్ప యాగంటికి పోయాడు. నేనూ వెంట పోయాను. అక్కడి బసవన్న ఏటేటా పెరుగుతాడంటారు కదా, ఎంత పెరిగాడో తేల్చాలని ఆయప్ప ఇంటి నుంచి దారం కొలిచి తెచ్చుకున్నాడు. బసవన్న పక్కన పెట్టి చూస్తే దారం కూడా పెరిగింది, కొలత తేలలేదు. ఆ చికాకులో ఉన్న మనిషిని పేరు అడగడం బాగుండదని తిరిగి వచ్చాను.

బావ వింటున్నంతసేపు దగ్గు రాలేదని నేనంటే అక్క ఒప్పుకోదు. వచ్చిందంటుంది. నాకు వినపడలేదు. ఒక సంగతి మాత్రం మేమిద్దరం చూశాం. ఆయన ఊరికే వినలేదు, ప్రశ్నలు వేశాడు. ఆయప్ప భుజాలు ఎట్లుంటాయని అడిగాడు. కూర్చున్నప్పుడు వీపు వంగుతుందా? చెవులు తలకు ఆనుకుని ఉంటాయా, బయటికి వస్తాయా? కథలో నేను ఎప్పుడూ ఎవరికీ చెవులు పెట్టలేదు. తడబడి ఒకసారి పెద్దవన్నాను, ఇంకోసారి ఆనుకుని ఉంటాయన్నాను. నేను చెబుతుంటే ఆయన చూపుడువేలు దుప్పటి మీద గీతలు గీసేది, చెరిపేది, మళ్లీ గీసేది. ఉలి పట్టొద్దన్న తర్వాత ఆ చెయ్యి పని చేయడం అదే చూశాను. ముఖం తేలని అమ్మవారి పక్కన, లేని మనిషి ఒకడు ఆ దుప్పటి మీద వారం వారం తేలుతూ వచ్చాడు.

వానలు మొదలయ్యాయి. రేకుల మీద చప్పుడుకు ఆయన మాట వినపడేది కాదు, దగ్గరికి వంగాల్సి వచ్చేది. మిషను ఇక ఆపడానికి లేకుండా అయింది. ఆ రోజు నేను ఆయప్ప గురించి కొత్త సంగతి ఒకటి సిద్ధం చేసుకుని పోయాను. మొదలుపెట్టకముందే బావ చెయ్యి ఎత్తాడు.

"ఆయప్పకు ఒంట్లో బాగుండాదా?"

"గుండురాయి మాదిరి ఉండాడు బావా."

"అట్లయితే ఆయప్పకు తొందర్లేదు." ఊపిరి కోసం ఆగాడు. "నాకుండాది. ఇంక ఇయ్యమను."

నేను అక్క వైపు చూశాను. ఆమె ఈసారి మిషను వైపు తిరగలేదు. నన్నే చూస్తూ, పో అన్నట్టు తల ఊపింది.

మధ్యాహ్నం బస్సుకే నంద్యాల పోయాను. దారిలో ఎవరో కథ చెప్పమన్నారు, గొంతు బాగాలేదన్నాను. నెట్ సెంటరు ఆమె నా ముఖం చూసి మిగతావాళ్లను కాసేపు ఆగమంది. అక్షరాలు కొట్టింది. ఆకుపచ్చ గుర్తు ఇంకా అక్కడే ఉంది, ఇన్ని వారాలూ ఎవరూ తీసుకోలేదు. ఎన్నేళ్లకు తీసుకోవాలని అడిగింది. నేను ఒకటి అనలేకపోయాను, పది అనలేకపోయాను. ఆమె నా కోసం చూసి, తానే అంది.

"ఒకటి పెడతానన్నా. మళ్లీ వచ్చి అడుగుదువులే."

తెర మీద ఈ పేరు మీది అని వచ్చింది. ఆమె కుర్చీలో కూర్చునే ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఆమె పద్ధతిలో ఆమె ప్రార్థన చేసుకుంది కాబోలు. సైటుకు పైన పేరు, కింద ఆయన ఫోటో, షెడ్డు ఫోటో పెట్టాం. చీమల ఫోటోలు తీసేశాం. వాళ్ల నాయన రాయిని మాత్రం ఉంచాం.

బావకు చూపించినప్పుడు ఆయన తన పేరును ఒక్కో అక్షరం వేలితో తడుముతూ చదివాడు. ఫోన్ అద్దం నున్నగా ఉండటం ఆయనకు నచ్చలేదు, అక్షరానికి లోతు లేదన్నాడు. తర్వాత అడిగాడు.

"ఆయప్ప ఏమన్నాడు?"

"ఇచ్చేసినాడు బావా. నీ సంగతి చెప్తే మారుమాట్లాడలే."

"మంచోడు." కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని నేను లేవబోతుంటే కళ్లు తెరవకుండానే అన్నాడు. "చెవులు మాత్రం నువ్వు సరిగ్గా చెప్పలేదురా."

ఆ తర్వాత ఒక్క ఫోటో వచ్చింది. ఒక్కటే. బళ్లారి అవతల ఒక పల్లె నుంచి, ఆంజనేయస్వామి గుడి పూజారి పంపాడు. లారీ వెంట ఆళ్లగడ్డ వచ్చి విగ్రహం తీసుకుపోయిన ముసలాయన ఒకడు ఇంకా ఉన్నాడట. మనవడి ఫోన్లో ఆ పేరు విని, మన స్వామిని చేసింది ఈయనేనని గుర్తుపట్టాడట. ఫోటోలో రాయి కనపడటమే కష్టంగా ఉంది. ఒళ్లంతా సింధూరం, నూనె, తమలపాకుల దండలు. అక్క ఫోన్ పట్టుకుంటే బావ పాదం దగ్గర పెద్దది చేయించుకున్నాడు. అందె దగ్గర, సింధూరం రాలిన చోట, సన్నటి తెల్లగీత. రాతిలోనే ఉన్న ఆ చారను పారేయడం ఇష్టం లేక అక్కడికి అందె వచ్చేలా కాలు తిప్పానని ఎప్పుడో చెప్పాడు. మడమ వెనక చీమ లేదు.

తప్పుల గురించి ఏమైనా అంటాడని ఎదురుచూశాను. అనలేదు. చాలాసేపు చూశాక అక్కతో ఒక్క మాట అన్నాడు.

"నూనె బాగా పట్టినాది."

ఆ వానలు ఆగకముందే పోయాడు. ముఖం తేలని అమ్మవారు ఇంకా షెడ్డులోనే ఉంది. పూర్తి చేస్తామని ఎవరెవరో అడిగారు, అక్క ఇవ్వలేదు. ఆయన పేరు మీద రాయి కూడా పెట్టలేదు. ఆళ్లగడ్డలో అంతమంది శిల్పులుండి ఒక్క రాయి పెట్టలేదేమని చుట్టాలు అడిగితే, పెట్టినాం అంటుంది అక్క. ఎక్కడని అడిగితే నా వైపు చూపిస్తుంది.

గడువు దగ్గర పడినప్పుడు, ఈ పేరు మీకు ఇంకా కావాలా అని నా ఫోన్‌కు మెయిల్ వస్తుంది. అది వచ్చిన వారం ఆళ్లగడ్డ పోతాను. షెడ్డు ముందర అరుగు మీద అక్క నాకు కాఫీ ఇస్తుంది. నేనేమీ చెప్పకముందే నా ముఖం చూసి అడుగుతుంది.

"బనగానపల్లె ఆయప్ప మళ్లీ అడుగుతాండాడా?"

"అడుగుతాండాడక్కా."

"ఇయ్యొద్దు" అంటుంది.